పక్షితో పాటు ఇంకేం తరలింది? అరుదైన పక్షుల్ని మార్చేటప్పుడు బ్యాక్టీరియా జాడ పట్టే పద్ధతి

అంతరించే దశలో ఉన్న పక్షుల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చే బృందాల నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. "మేడమ్, కొత్త చోట వదిలిన పక్షి రెట్టలో సాల్మొనెల్లా బ్యాక్టీరియా వచ్చింది. ఏం చెయ్యమంటారు?" నేను అడిగేది ఒక్కటే. "పాత చోట ఉన్నప్పుడు దానికి ఉందా, లేదా?" ఆ తర్వాత అవతలి వైపు కాసేపు మాట ఉండదు.

నేను ల్యాబ్ మనిషిని. ఫీల్డుకు వెళ్తాను గానీ నా కళ్లెప్పుడూ పక్షి మీద కంటే దాని కింద పరిచిన కాగితం మీదే ఉంటాయి. ఈ పనికి కొత్తగా వచ్చిన పశువైద్యులకీ, జీవశాస్త్రం చదివిన కుర్రవాళ్లకీ నేను నోటితో చెప్పే సంగతులే ఇక్కడ రాస్తున్నాను. నా వాదన చాలా చిన్నది. పక్షిని కదిలించక ముందు తీసిన ఒక్క శాంపిల్‌కున్న విలువ, కదిలించాక హడావిడిగా తీసిన పాతిక శాంపిళ్లకు ఉండదు. మిగతా పద్ధతులన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ముందుగా ఒకటి తేల్చుకుందాం. బ్యాక్టీరియా దొరకడం వేరు, జబ్బు ఉండడం వేరు. న్యూజిలాండ్‌లో తకాహే అనే పక్షి ఉంది. నీలం, ఆకుపచ్చ ఈకలు, ఎర్రటి ముక్కు, ఎగరలేదు. 1898 తర్వాత కనబడకపోవడంతో అంతరించిపోయిందనుకున్నారు. 1948లో మర్చిసన్ పర్వతాల్లో మళ్లీ కనబడింది. తర్వాతి కాలంలో దాన్ని దీవులకూ, రక్షిత ప్రాంతాలకూ మారుస్తూ, అక్కణ్ణించి ఇక్కడికీ ఇక్కణ్ణించి అక్కడికీ తిప్పుతూ కాపాడుకుంటున్నారు. పరిశోధకులు వాటిలో కాంపైలోబాక్టర్ అనే బ్యాక్టీరియా కోసం వెతికితే దాదాపు ప్రతి పక్షిలోనూ దొరికింది. చాలా పక్షుల్లో ఒకటికి మించిన కాంపైలోబాక్టర్ జాతులున్నాయి. ఆ పక్షులేమో గడ్డి మొదళ్లు నములుతూ హాయిగా తిరుగుతున్నాయి. దాన్ని జబ్బు అనుకుని మందులు పోయలేదు వాళ్లు. పేగుల్లో ఊరికే కాపురముండే ఆ బ్యాక్టీరియానే గుర్తుగా పెట్టుకుని, ఒకదానికొకటి దూరంగా ఉన్న గుంపుల్లో సూక్ష్మజీవులు ఎలా మసలుతాయో చూశారు. నాకు బాగా నచ్చిన ఆలోచన ఇది. ప్రాణం తీసే క్రిమి వచ్చిందాకా ఆగక్కర్లేదు, నిరపాయమైన దాని మీదే సాధన చేసుకోవచ్చు.

ఇక రెండో వైపు. అదే దేశంలో 2004లో కొన్ని కాకాపోల్ని, అంటే నేల మీద నడిచే ఆ బరువైన చిలుకల్ని, వెనువా హో దీవి నుంచి చాకీ దీవికి మార్చారు. మార్చిన కొద్ది రోజులకే మూడు పడుచు ఆడపక్షులు చనిపోయాయి. కారణం ఎరిసిపెలోత్రిక్స్ రూసియోపాథియే, రక్తానికెక్కి చంపింది. ఇది మట్టిలో, కుళ్లిన పదార్థంలో బతకగలిగే బ్యాక్టీరియా. చిలుకల జాబితాలో ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోని పేరు. ఆ తర్వాతే కాకాపోలకు దానికి టీకా వేయడం మొదలైంది. మొత్తం జాతి వందలోపు ఉన్న రోజుల్లో గుడ్లు పెట్టాల్సిన మూడు ఆడపక్షులు పోవడమంటే ఎంత దెబ్బో చెప్పక్కర్లేదు.

ఈ రెండు ఉదాహరణల మధ్యనే మన పనంతా ఉంది. ఏది కాపురం, ఏది దాడి అని తేల్చాలి.

మ్యాపు గీయడంతో మొదలు

స్వాబులు (శాంపిల్ తీసే దూది పుల్లలు) కొనక ముందు ఒక పెద్ద కాగితం తీసుకోండి. ఈ జాతి పక్షులున్న ప్రతి చోటుకీ ఒక చుక్క పెట్టండి. ఇప్పటిదాకా జరిగిన ప్రతి తరలింపుకీ ఒక బాణం గీయండి, పక్కన సంవత్సరం, పక్షుల సంఖ్య రాయండి. పాత రిజిస్టర్లు తిరగేయాలి, రిటైరైన వాళ్లకు ఫోన్లు చేయాలి, విసుగొస్తుంది. అయినా చేయండి. గీయడం అయ్యాక చూస్తే కొన్ని చుక్కల్లోకి బాణాలు వస్తాయి తప్ప బయటికి పోవు. కొన్నిటి నుంచి పోతాయి తప్ప రావు. ఒకటో రెండో చోట్ల మాత్రం రెండూ జరుగుతుంటాయి, నలుగురి దగ్గరా తీసుకుని నలుగురికీ పంచుతుంటాయి. పిల్లల్ని పొదిగించి పెంచే కేంద్రాలు సాధారణంగా ఇలాంటివే.

డబ్బు తక్కువగా ఉంటే (ఎప్పుడు ఎక్కువగా ఉంది గనక) ముందు ఆ కూడలి చోట్లలోనే శాంపిళ్లు తీయండి. తకాహేల విషయంలో ఈ బాణాల లెక్కను గణితంగా చేసి, నిఘా ఎక్కడ పెడితే ఫలితం ఎక్కువో చూపించారు. సాఫ్ట్‌వేర్ లేకపోయినా కాగితం మీద పెన్సిలుతో ముప్పాతిక వంతు సంగతి తెలిసిపోతుంది.

మ్యాపు మీద ఇంకో రంగు పెన్ను కూడా వాడండి: పక్షులు కాకుండా ఆ చోట్ల మధ్య ఇంకేం తిరుగుతున్నాయి? సిబ్బంది బూట్లు, పంజరాలు, గుడ్డసంచులు, తిండిపాత్రలు, ఎక్కడ పడితే అక్కడ వాలే పిచ్చుకలు, బాతులు, సముద్రపక్షులు. న్యూజిలాండ్‌లో 2000లో సాల్మొనెల్లా టైఫీమ్యూరియం డీటీ160 అనే రకం పిచ్చుకల్ని పెద్ద ఎత్తున చంపింది, మనుషులకూ సోకింది. పిచ్చుకకు మన బాణాలతో పనిలేదు కదా.

వేటి కోసం వెతకాలి

అన్నిటి కోసం అని మాత్రం అనకండి. ఆ మాట విన్న ల్యాబ్ వాళ్లకు ఏ పని చెయ్యాలో తెలియదు, చివరికి బిల్లు ఒకటే మిగులుతుంది. నేను జాబితా వేసేటప్పుడు చూసేవి ఇవి: ఈ జాతిని గానీ దీని దగ్గరి చుట్టాల్ని గానీ ముందెప్పుడైనా చంపిందా, కొత్త చోటి మట్టిలో, నీళ్లలో, అక్కడి జంతువుల్లో ఉండే అవకాశముందా, పక్షి దాన్ని మోసుకుపోయి అక్కడున్న వేరే అరుదైన జీవులకు అంటించగలదా, పట్టుకునే మనిషికి ప్రమాదమా.

చాలా జాతులకు సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ జాబితాలో ఉంటాయి. ఎర్సినియా సూడోట్యూబర్క్యులోసిస్ చలికాలపు శత్రువు, అందుకే శాంపిల్ ఏ నెలలో తీస్తున్నారన్నదీ ముఖ్యమే. నేల మీద, బొరియల దగ్గర తిరిగే పక్షులకైతే ఎరిసిపెలోత్రిక్స్. నీటిపక్షులకు పాశ్చురెల్లా మల్టోసిడా. చిలుకలు, పావురాలైతే క్లమిడియా సిట్టసీ. ఇది మనిషి ఊపిరితిత్తులకూ పడుతుంది, అందుకే ఎండిన రెట్టను ఊడ్చేటప్పుడు ఎన్95 మాస్కు లేకుండా ఎవర్నీ గదిలోకి రానివ్వను. మైకోబాక్టీరియం ఏవియం అన్నిటికంటే మొండిది. కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో పోషక పదార్థం మీద, పెరగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పక్షి లోలోపల చిక్కిపోతున్నా రెట్టలో ఒకరోజు దొరుకుతుంది, ఇంకోరోజు దొరకదు. బతికున్న పక్షిలో "లేదు" అని రాసిచ్చే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు.

చేతిలో పక్షి, రెండో చేతిలో స్వాబు

ఇక్కడ తొందరపడకూడదు. రిపోర్టులో ఏం రాయగలం అనేది ఈ రెండు నిమిషాల్లోనే తేలిపోతుంది.

పక్షిని పట్టిన గుడ్డసంచి ఒక పక్షికే వాడాలి. ఒకదాంట్లో పది పక్షుల్ని వరసగా వేసి తీస్తే పదింటి రెట్టా కలిసిపోతుంది. శాంపిల్ పాడవడం అటుంచండి, ఆరోగ్యంగా ఉన్న పక్షికి మనమే అంటించిన వాళ్లమవుతాం. సంచి అడుగున శుభ్రమైన మైనం కాగితం ముక్క వేయండి. భయానికి చాలా పక్షులు సంచిలోనే రెట్ట వేస్తాయి. అది దొరికితే క్లోయకాలోకి (రెట్ట బయటికొచ్చే ద్వారంలోకి) స్వాబు పెట్టే పనే తప్పుతుంది. కాగితం మీద పడ్డ రెట్టను బాగా చూడండి. తెల్లగా సున్నంలా ఉండేది మూత్రం భాగం, ముదురు రంగులో ముద్దగా ఉండేది మలం. మనకు కావలసింది రెండోది. అందులోనూ కాగితానికి ఆనిన అడుగుభాగం వదిలేసి నడిమి నుంచి తీసుకోండి.

రెట్ట వేయకపోతే స్వాబే గతి. ముప్ఫై, నలభై గ్రాముల చిన్న పక్షికి సన్నటి తీగ కాడ ఉన్న బుల్లి మొన స్వాబు వాడాలి. మనుషుల గొంతుకు వాడే లావు దూది స్వాబుతో దాని జోలికి వెళ్లకండి. మొనను స్టెరైల్ సెలైన్‌లో తడపండి. ఒకరు పక్షిని వెల్లకిలా, తల కాస్త పైకి ఉండేలా పట్టుకోవాలి, రొమ్ము మీద వేళ్లు బిగించకూడదు. పక్షి ఊపిరి తీయాలంటే రొమ్ము ఎముక కదలాలి. రెండో మనిషి తోక కింది ఈకల్ని పక్కకు తోసి, ఈకలకు తగలకుండా స్వాబును లోపలికి పెట్టి మెల్లగా రెండు మూడుసార్లు తిప్పి తీయాలి. బయటికొచ్చిన దూది మీద రంగు కనబడాలి. తెల్లగా వస్తే అది శాంపిల్ కాదు, రాసుకోవడానికి బాగుండే ఒక నంబరు, అంతే.

ప్రతి పక్షికీ రెండు స్వాబులు తీయండి. ఒకటి బొగ్గు కలిపిన ఏమీస్ మీడియంలో (దారిలో బ్యాక్టీరియాను బతికించి ఉంచే జెల్), కల్చర్ కోసం. రెండోది డీఎన్ఏ కోసం 95 శాతం ఇథనాల్‌లో. క్లమిడియా అనుమానం ఉంటే కంటి పొర నుంచి, నోటి పైకప్పు చీలిక నుంచి కూడా తీసి డీఎన్ఏను వెతికే పీసీఆర్‌కు పంపాలి, అది మామూలు ప్లేటు మీద పెరగదు. రక్తం తీస్తే పక్షి బరువులో ఒక శాతం లోపే. 35 గ్రాముల పక్షికి అది 0.35 మిల్లీలీటర్లు, నేనైతే అందులో సగంతో సరిపెట్టుకుంటాను.

లేబుల్ మీద కాలి రింగు నంబరు, తేదీ, చోటు, శాంపిల్ రకం, పట్టుకున్న మనిషి పొడి అక్షరాలు పెన్సిలుతో రాయండి. ఇథనాల్ ఒలికితే పెన్ను సిరా కొట్టుకుపోతుంది, పెన్సిలు గీత పోదు. దానితో పాటు బరువు, రొమ్ము కండ పట్టు, రెట్ట ఎలా ఉంది, ఆ వారం మందులేమైనా ఇచ్చారా అన్నవి నోట్‌బుక్‌లోకి ఎక్కాలి. యాంటీబయాటిక్ ఇచ్చిన పక్షి స్వాబులో ఏమీ పెరగకపోతే దాని అర్థం ఏమీ లేదు. మందు ఇవ్వాలనుకుంటే శాంపిల్ ముందు, మందు తర్వాత.

ఎప్పుడెప్పుడు తీయాలి? పట్టుకున్న రోజు, క్వారంటైన్ ఉంటే అది ముగిసేటప్పుడు, వదిలాక మళ్లీ పట్టుకోగలిగితే మూడు నాలుగు వారాలకు, ఆ తర్వాత ఏడాదికి. వదిలిన తొలి వారాలు గడ్డుకాలం. కొత్త చోటు, తెలియని తిండి, ప్రయాణపు అలసట అన్నీ కలిసి రోగనిరోధక శక్తిని దించేస్తాయి, అప్పటిదాకా పేగులో అణిగి ఉన్నది తలెత్తుతుంది. అలాగని క్వారంటైన్ ఎంత పొడవైతే అంత మంచిదని అనుకోకండి. నెలరోజులు బోనులో ఉంచితే అడవిపక్షికి ఆ ఒత్తిడే జబ్బు తెస్తుంది, ఊపిరితిత్తుల్లో ఆస్పర్జిల్లస్ బూజు పట్టిన పక్షులు ఎన్నో పోయాయి. ఫలితాలు రావడానికి ఎన్నిరోజులు పడుతుందో ల్యాబ్‌ను ముందే అడిగి, క్వారంటైన్ ఆ లెక్కన పెట్టుకోవడం నయం.

వదలబోయే చోట ఉన్న పక్షుల, బల్లుల, కుంటనీళ్ల శాంపిళ్లు కూడా ఇదే సమయంలో తీయాలి. అందరూ ఒప్పుకుంటారు, ఎవరూ బడ్జెట్‌లో పెట్టరు. బల్లులు, పాముల్లాంటి సరీసృపాలు సాల్మొనెల్లాను ఏ ఇబ్బందీ లేకుండా మోస్తాయి. అక్కడేముందో ముందే తెలియకపోతే, రేపు ఏదైనా దొరికితే ఎవరు ఎవరికి అంటించారో తేల్చలేం.

దారిలో చచ్చేవి

కాంపైలోబాక్టర్‌కు గాలి పడదు, ఎండ పడదు, ఆరిపోతే బతకదు. అలాంటి దాన్ని కారు డాష్‌బోర్డు మీద పెట్టి తెచ్చి "నెగటివ్ వచ్చింది" అని సంబరపడే వాళ్లను చూశాను. 4 డిగ్రీల దగ్గర, ఐస్‌ప్యాక్ నేరుగా తగలకుండా మధ్యలో కాగితం చుట్టి, 48 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చండి. కల్చర్ స్వాబును డీప్ ఫ్రీజ్ చేయకండి. సాల్మొనెల్లా కాస్త గట్టిపిండమే, ఆలస్యాన్ని ఓర్చుకుంటుంది. శాంపిళ్లు ఒక దేశం దాటాలంటే అనుమతి కాగితాలు అన్నిటికంటే నిదానంగా కదులుతాయి, మొట్టమొదట ఆ దరఖాస్తు పెట్టేయండి.

ల్యాబ్‌లో

ల్యాబ్ మీది కాకపోయినా ఈ పేర్లు తెలిసి ఉంటే అడగాల్సినవి అడగగలరు. సాల్మొనెల్లాకు ముందు బఫర్డ్ పెప్టోన్ వాటర్‌లో 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచాలి. దెబ్బతిన్న బ్యాక్టీరియా తేరుకోవడానికి ఇది. ఆ తర్వాత రపపోర్ట్ వాసిలియాడిస్ ద్రవంలో 42 డిగ్రీల దగ్గర, అక్కణ్ణించి ఎక్స్‌ఎల్‌డీ ప్లేటు మీదికి. ఎర్రటి ప్లేటు మీద నడిమిన నల్లచుక్క ఉన్న కాలనీలు (బ్యాక్టీరియా గుంపుగా పెరిగిన బొట్లు) కనబడితే అనుమానించాలి. మొదటి మెట్టు దాటేసి నేరుగా ప్లేటు మీద రుద్దే ల్యాబులు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉండి కొద్దికొద్దిగా విసర్జించే పక్షుల్ని అలాంటి పద్ధతి పట్టుకోలేదు.

కాంపైలోబాక్టర్‌కు సీసీడీఏ ప్లేటు, 42 డిగ్రీలు, ఆక్సిజన్ 5 శాతం దాకా తగ్గించిన గాలి, రెండు రోజులు. బూడిదరంగులో చదునుగా, తడితడిగా పాకిన కాలనీలు వస్తాయి. ఎర్సినియాకు దీనికి పూర్తి తిరగబడ్డ మర్యాద: 4 డిగ్రీల ఫ్రిజ్‌లో కొన్ని వారాలు ఉంచితే మిగతావన్నీ వెనకబడి ఇది పైకొస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది ల్యాబ్‌తో రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. ఒక ప్లేటు నుంచి ఒక్క కాలనీ తీసి సరిపెట్టకూడదు. కనీసం నాలుగైదు కాలనీలు విడివిడిగా తీయాలి. తకాహేల్లో చూశాం కదా, ఒకే పక్షిలో రెండు మూడు జాతులు కలిసి ఉంటాయి. బయల్దేరేటప్పుడు ఒక కాలనీ, చేరాక ఒక కాలనీ తీసి రెండూ వేరని తేలితే, కొత్త చోట కొత్త స్ట్రెయిన్ (అదే బ్యాక్టీరియాలో వేరే ఉపరకం) సోకిందని రాసేస్తారు. నిజానికి రెండూ మొదటినుంచీ ఆ పేగులోనే ఉండి ఉండొచ్చు, మనం లాటరీలో ఒక్కో చీటీ తీశామంతే.

తీసిన ప్రతి కాలనీనీ గ్లిజరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాచాలి, వీలైతే రెండు వేరువేరు భవనాల్లో. ప్లేటు చూసి ఫలితం రాసి, ప్లేటును ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో పడేసే ల్యాబ్ మన పనికి రాదు. అయిదేళ్ల తర్వాత పక్షులు చనిపోవడం మొదలైనప్పుడు పోల్చడానికి కావలసింది "పాజిటివ్" అన్న మాట కాదు, ఆ బ్యాక్టీరియానే.

పోలిక స్ట్రెయిన్ స్థాయిలో జరగాలి. "ఇక్కడా సాల్మొనెల్లా, అక్కడా సాల్మొనెల్లా" అనడం నేరం జరిగిన ఊళ్లో మనుషులున్నారని చెప్పినట్టే. కాంపైలోబాక్టర్‌కు ఏడు జన్యువుల వరుసలు చూసే ఎంఎల్‌ఎస్‌టీ పద్ధతి చాలాకాలంగా ఉంది. ఇప్పుడు పూర్తి జీనోమ్ (బ్యాక్టీరియా డీఎన్ఏ మొత్తం) చదివించడం అందుబాటులోకి వచ్చింది గనక, కొత్తగా మొదలుపెట్టే వాళ్లు దానికే పోవచ్చు. ఒకేసారి స్ట్రెయిన్ ఏదో, మందులకు లొంగుతుందో లేదో రెండూ తెలుస్తాయి. ఫలితాన్ని చదివే తీరు ఇది: కొత్త చోట దొరికింది పాత చోటి నిల్వలతో సరిపోతే పక్షితో వచ్చింది. కొత్త చోటి పిచ్చుకలతో, బాతులతో సరిపోతే అక్కడ అంటుకుంది. రెండిటితోనూ సరిపోక మనుషుల, కోళ్ల స్ట్రెయిన్లకు దగ్గరగా ఉంటే మేతనూ, మన చేతుల్నీ అనుమానించండి. పోల్చడానికి పక్కన ఏమీ లేకపోతే లక్షలు పెట్టి చదివించిన జీనోమ్ కూడా ఒంటరి వరుసే.

సున్నా వచ్చినప్పుడు

అన్నీ నెగటివ్ వస్తే సంతోషమే, కాకపోతే ఆ సున్నా ఎంత లోతైందో లెక్క చూడండి. పెద్ద గుంపులో 30 పక్షుల్ని చూస్తే ఒక్కటీ రాలేదనుకోండి. 3ని 30తో భాగించండి. అంటే నూటికి పది పక్షుల దాకా సోకి ఉండే అవకాశాన్ని 95 శాతం నమ్మకంతో కొట్టిపారేయలేం. పది పక్షుల్నే చూస్తే పాతిక శాతానికి పైగా సోకి ఉన్నా మనకు తెలియకపోవచ్చు.

చిన్న గుంపుల్లో లెక్క మనవైపు తిరుగుతుంది. మొత్తం 40 ఉంటే, అందులో 30 పరీక్షించి ఏమీ రాకపోతే, సోకినవి మూడు ఉండి మూడూ మిగిలిన పదిలోనే దాక్కునే అవకాశం ఒక శాతం పైచిలుకే. అరుదైన పక్షుల విషయంలో గణితం మనకు చేసే ఏకైక ఉపకారం ఇదే. అయితే ఇదంతా పరీక్ష తప్పకుండా పట్టుకుంటుందని అనుకుని వేసిన లెక్క. రెట్టలో రోజు విడిచి రోజు పడే బ్యాక్టీరియాను ఒక్క స్వాబు సగంసార్లు పట్టలేదనుకుంటే, కొన్ని రోజుల ఎడంతో మూడుసార్లు తీస్తే తప్పించుకునేది ఎనిమిదిలో ఒక వంతు. అందుకే ఒకేరోజు ఎక్కువ పక్షుల్ని చూడడమా, కొన్నిటినే పలుమార్లు చూడడమా అన్నది పక్షిని ఎన్నిసార్లు పట్టుకోవచ్చు అన్నదాన్ని బట్టి ముందే తేల్చుకోవాలి.

చనిపోయిన పక్షి దొరికితే

బతికున్న పక్షి చెప్పని సంగతులు చనిపోయినది చెబుతుంది, కుళ్లకుండా మన చేతికి వస్తే. ఈకలు వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. చనిపోయాక కూడా గంటల తరబడి లోపల వెచ్చగానే ఉండి పేగులు కరిగిపోతాయి. కాబట్టి ఫొటోలు తీసి, బయటి స్వాబులు తీసుకున్నాక, పక్షిని కాస్త సబ్బు కలిపిన చల్లటి నీళ్లలో చర్మందాకా తడిసేలా ముంచండి. తర్వాత రెండు సంచుల్లో కట్టి ఐసు మీద పెట్టండి. ఒక రోజులోపు పోస్టుమార్టం చేసే మనిషి దొరుకుతాడంటే డీప్ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. గడ్డకట్టిన కణజాలం మైక్రోస్కోపు కింద చిరిగిన గుడ్డ. దొరకడంటే మాత్రం ఫ్రీజ్ చేయక తప్పదు.

పోస్టుమార్టంలో వరస మారకూడదు. పొట్ట తెరవగానే, ఇంకా ఏదీ ముట్టుకోకముందే, కాలేయం, ప్లీహం, గుండె రక్తం నుంచి శుభ్రమైన పరికరంతో కల్చర్‌కు తీసుకోవాలి. పేగులు చివర. ఒక్కసారి పేగు కోస్తే ఆ పొట్టలో ఉన్న ప్రతిదానికీ పేగు బ్యాక్టీరియా అంటుతుంది, ఇక కాలేయంలో దొరికిందేమిటో ఎవరూ చెప్పలేరు. తర్వాత ప్రతి అవయవం నుంచీ సెంటీమీటర్ మందం లోపు ముక్కలు కోసి, పదింతల పరిమాణం ఉన్న 10 శాతం ఫార్మలిన్‌లో వేయండి. కల్చర్ ముక్క పొరపాటున కూడా ఫార్మలిన్ దరిదాపులకు రాకూడదు, రెండు డబ్బాలూ ఒకే పెట్టెలో పక్కపక్కన కూడా పెట్టను నేను. కాలేయంలో బ్యాక్టీరియా పెరిగింది, అదే చోట మైక్రోస్కోపు కింద కణాలు చచ్చి వాచినట్టు కనబడింది, ఈ రెండూ కలిస్తేనే "ఇదే చంపింది" అని రాస్తాను. ఒక్కటే ఉంటే రాయను.

వరసగా చనిపోతుంటే

2006లో న్యూజిలాండ్‌లోని టిరిటిరి మటాంగి దీవి మీద హిహి అనే తేనెతాగే చిన్న పక్షుల్లో సాల్మొనెల్లా టైఫీమ్యూరియం డీటీ195 విరుచుకుపడింది. ఆ దీవికి హిహిలను 1995లో తెచ్చారు. తర్వాత వేరే చోట్లకు హిహిలను పంపే కూడలి కూడా అదే అయింది. మ్యాపు ఎందుకు గీయమన్నానో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. అలాంటి చోట జబ్బు మొదలైతే వెంటనే వెనక్కి తిరిగి, గత కొన్ని నెలల్లో అక్కణ్ణించి ఏ రింగు నంబర్లు ఎక్కడికి వెళ్లాయో చూసి వాటి మీద కన్నేయాలి.

మొదటి పని, ఏది "కేసు" అని ఒక వాక్యంలో రాసుకోవడం. ఉదాహరణకు, ఫలానా తేదీ తర్వాత చనిపోయి, కాలేయంలో ఈ బ్యాక్టీరియా దొరికినది. అది రాసుకోకపోతే వారం తిరక్కుండా గద్ద తన్నిన పక్షి కూడా లెక్కలో చేరిపోతుంది. తర్వాత తేదీల వారీగా చావుల పట్టీ, దీవి మ్యాపు మీద చావుల చుక్కలు. చనిపోయినవీ బతికినవీ పోల్చండి: ఏ తిండిగూటి దగ్గరికి వెళ్తాయి, ఎక్కడ నీళ్లు తాగుతాయి, వయసెంత. మనం పెట్టే తిండిగూళ్లే కూడలి అయితే వాటిని రోజూ తోమి, వేడినీళ్లలో కడిగి, ఆరబెట్టాలి. బురద ఉన్న బూటు మీద క్రిమిసంహారకం పోస్తే బురద కడిగినట్టే. ముందు బ్రష్షుతో రుద్ది, ఆ తర్వాతే ఒక శాతం వర్కాన్ అనే క్రిమిసంహారకం.

కొన్ని జబ్బుల్లో ప్లేటు మీద వెతికితే ఏమీ దొరకదు. 2004, 2005 సంవత్సరాల్లో హవాయీ దీవుల్లో ఉండే అరుదైన లేసన్ బాతుల్ని 42 దాకా పసిఫిక్ సముద్రంలోని మిడ్వే పగడపు దీవికి మార్చారు. అవి బాగా పిల్లల్ని పెట్టి పెరిగాయి. 2008 ఆగస్టులో బాట్యులిజం వచ్చి నూట యాభైకి పైగా చనిపోయాయి. చంపేది బ్యాక్టీరియా వదిలే విషం. చచ్చిన పక్షిని పురుగులు తింటాయి, విషం పురుగుల్లో పేరుకుంటుంది, వాటికేమీ కాదు, ఆ పురుగుల్ని తిన్న బాతు చస్తుంది, దాని మీద మళ్లీ పురుగులు. మెడ వాల్చేసి, కాళ్లు చచ్చుబడిన నీటిపక్షి కనబడితే రక్తంలో విషం పరీక్ష చేయించండి, ఫలితం కోసం ఆగకుండా అదే గంట నుంచి కళేబరాలన్నీ ఏరించండి. ఆ చక్రం తెగేది అక్కడే.

మందుల విషయంలో నాది కాస్త మొండి అభిప్రాయం. జబ్బుపడిన పక్షికి, ఏ మందుకు లొంగుతుందో చూసి ఇవ్వండి. ఆరోగ్యంగా ఉండి రెట్టలో పాజిటివ్ వచ్చిన పక్షికి ఇవ్వకండి. తరలింపుకు ముందు "ఎందుకైనా మంచిది" అని గుంపంతటికీ యాంటీబయాటిక్ పోయడం నాకు అసలు నచ్చదు. పేగులో ఏళ్లుగా కుదురుకున్న మంచి బ్యాక్టీరియా పోతుంది, మోసేవి కొన్నాళ్లు పరీక్షకు దొరక్కుండా పోతాయి, మందుకు లొంగని స్ట్రెయిన్ ఉంటే దానికి దారి ఊడ్చి ఇచ్చినట్టవుతుంది. కాకాపోల్లోలా చావులు మొదలై, కారణం తేలి, మిగిలిన పక్షులన్నీ అదే ముప్పులో ఉన్నప్పుడు లెక్క వేరు.

చివరగా, తరలింపు ఎప్పుడు ఆపాలన్నది జబ్బు రాకముందే కాగితం మీద ఉండాలి, సంతకాలతో. నా దగ్గర ఉన్న నమూనాలో రెండు షరతులు: కారణం తెలియని చావులు ఒకే వారంలో రెండు దాటితే, లేదా ఆ చోట ముందెన్నడూ చూడని స్ట్రెయిన్ అవయవాల నుంచి దొరికితే, ఫలితాలన్నీ వచ్చి పోల్చడం పూర్తయ్యేదాకా అక్కణ్ణించి ఒక్క పక్షి కూడా బయటికి కదలదు. పడవ మాట్లాడేశాం, విలేకరుల్ని పిలిచేశాం అన్నా సరే.